చెఱసాల వెలుపలి నేస్తము

నేరము చేసిన మానిసి న్యాయస్థానమున నిలిచినప్పుడు లోకమునకు సాధారణముగా తోచు మార్గములు రెండే. ఒకటి చెఱసాల, రెండవది విడుదల. శిక్షించినచో ధర్మము నిలిచెనని కొందఱును, క్షమించినచో దయ నిలిచెనని కొందఱును తృప్తినొందుదురు. కాని మఱునాడు ఆ మానిసి యెక్కడ పండుకొనును, ఎవరి యొద్ద పని దొరకును, ఎవరి మాట వినును అను ప్రశ్నలకు ఈ రెండు మార్గములును సమాధానము చెప్పజాలవు. ఈ ప్రశ్నలనే తన ఉద్యోగముగా పెట్టుకొన్నవా డొకడు కలడు. అతనిని ప్రొబేషను అధికారి యందురు. నేరస్థుని చెఱకు పంపక, ఇంటనే యుండనిచ్చి, పనిచేసికొననిచ్చి, కొంతకాలము అతని నడత కనిపెట్టుచుండుట ఇతని పని.

పోలీసును గూర్చియు, ప్లీడరును గూర్చియు, జైలరును గూర్చియు తెలిసినంతగా ఇతనిని గూర్చి మనలో చదువుకొన్నవారికి సైతము తెలియదు. ఇతని చరిత్ర తెలిసికొనుట యవసరమని మేము తలంచుచున్నాము. ఏలయన, చెఱసాల వెలుపల మనుష్యులను కనిపెట్టుట యను పని లోకమున రెండు విధముల నడచినది. ఒకటి బోస్టను నగరమున బూట్లు కుట్టు నొక పనివాని దయనుండి పుట్టినది. రెండవది మన యాంధ్రదేశమునందే, బాపట్లకు చేరువను, హాజరుపట్టీ రూపమున నడచినది. రెండింటికిని పర్యవేక్షణమనియే పేరు. ఫలములు మాత్రము వేఱు.

మొదట బోస్టను కథ చెప్పెదము. ఆ నగరమున జాన్ ఆగస్టసు అనునతడు పోలీసు న్యాయస్థానమునకు దగ్గఱలోనే బూట్ల దుకాణము నడుపుకొనుచుండెను. మద్యపానమును మాన్పించు నొక సంఘమునందు సభ్యుడు. 1841వ సంవత్సరము ఆగస్టు నెలలో ఒక యుదయమున నతడు న్యాయస్థానమున కూర్చుండియుండగా భటులు చింపిరిగుడ్డలతో నున్న యొక త్రాగుబోతును తీసికొనివచ్చిరి. అట్టివారిని చెఱకు పంపుట ఆనాటి యాచారము. ఆగస్టసు అతనితో నాలుగు మాటలాడెను. తన్ను చెఱనుండి తప్పించినచో మరల త్రాగనని ఆ మానిసి వేడుకొనెను. న్యాయాధిపతి యనుమతిమీద ఆగస్టసు జామీను నిలిచెను. మూడు వారములకు మరల హాజరు కావలెనని యుత్తరువైనది. ఆ నడుమ నా మానిసి త్రాగుడు మానెదనని ప్రతిజ్ఞాపత్రముపై సంతకము చేసెను. గడువునాటికి అతడు వచ్చి నిలువగా, ఆనాటి త్రాగుబోతు ఇతడేయని నమ్ముట యక్కడివారికి కష్టమాయెను. న్యాయాధిపతి ఒక్క సెంటు జుల్మానా విధించెను. ఖర్చులతో కలిసి 3 డాలర్ల 76 సెంట్లు కాగా, ఆ మానిసి ఆ సొమ్ము నప్పుడే చెల్లించెను.

ఈ యొక్కనితో ఆగస్టసు పని యాగలేదు. మొదట త్రాగుబోతులకును, తరువాత చిన్న దొంగతనములు చేసినవారికిని, స్త్రీలకును, బాలురకును అతడు పూచీ నిలుచుచు వచ్చెను. అడిగినవారికెల్ల నిలిచినవాడు కాడు. ఆ మానిసి పూర్వపు నడత యెట్టిది, వయస్సెంత, ఇకమీదట నెట్టివారి నడుమ బ్రదుకవలసి వచ్చును అని విచారించి, ఆ పిమ్మటనే ముందుకు వచ్చెడివాడు. పూచీ నిలిచిన పిదప పని చూపెడివాడు. తల దాచుకొన చోటు లేనివారిని తన యింటనే యుంచుకొనెడివాడు. ఎప్పటికప్పుడు న్యాయస్థానమునకు సంగతులు విన్నవించెడివాడు. 1847లో ఏడేండ్లు మొదలు పదునైదేండ్లలోపు వయస్సుగల పందొమ్మిదిమంది బాలురకు పూచీ నిలిచెను. నెలనెలకును వాయిదా వేయుచు, అయిదాఱు నెలలు వారి నడతను పరీక్షించిరి. గడువు తీఱిన నాడు వారిలో పండ్రెండుగురు ఒక్కసారిగా న్యాయస్థానమున నిలిచిరి. తొలినాటి రూపమునకును నేటి రూపమునకును గల భేదము చూచి న్యాయాధిపతి సంతోషించెను. పది సెంట్ల వంతున మాత్రమే జుల్మానా వేసినను, ఏడుగురు బాలు రది యిచ్చుకొనలేని నిరుపేదలు. ఆ సొమ్మును ఆగస్టసే చెల్లించెను.

ఇట్టి పనికి అడ్డు చెప్పువా రుందురా యని చదువరులు శంకింపవచ్చును. ఉండిరి. ఒక్కొక్క మానిసి చెఱకు పోయినకొలదియు భటులకును, గుమాస్తాలకును, చెఱకావలివారికిని కొంత రుసుము వచ్చెడిది. ఆగస్టసు పూచీ నిలిచినప్పుడెల్ల ఆ రుసుము పోయెడిది. ఒకరి పతనము మఱియొకరికి జీవనాధారమైన చోట దయ సైతము నేరముగా కనబడును. పగలు న్యాయస్థానమున గడచిపోగా అతని దుకాణము పని వెనుకబడెను. అయినను మానలేదు. 1858 వఱకు రమారమి రెండువేలమందికి పూచీ నిలిచి, 1859లో మరణించెను. ప్రభుత్వ మతనికి జీతమిచ్చి యెఱుగదు. ప్రొబేషను అను మాటకు లాటిను మూలమున పరీక్షయని యర్థము. ఆ పరీక్ష నేరస్థునికి మాత్రమేగాక పూచీ నిలిచినవానికి సైతము జరుగునని ఆగస్టసు జీవితము తెలుపుచున్నది.

అతడు పోయిన పందొమ్మిదేండ్లకు, 1878లో, మసాచుసెట్సు రాష్ట్రము చట్టము చేసి బోస్టను నగరమునకు జీతముగల ప్రొబేషను అధికారిని ఏర్పఱచెను. మొదట నియమింపబడినవాడు ఆ నగరపు పోలీసు అధిపతిగా పనిచేసిన ఎడ్వర్డ్ సావేజ్. తరువాత 1880, 1891 సంవత్సరముల చట్టములు ఈ పద్ధతిని రాష్ట్రమంతటికిని వ్యాపింపజేసి, నియామకాధికారమును న్యాయస్థానముల కప్పగించినవి. పట్టుకొనువాడొకడు, నిలుపువాడొకడు కావలెనను తెలివి క్రమముగా కలిగినది.

ఇంగ్లండులోను ఈ పని ప్రభుత్వమున పుట్టలేదు. బర్మింగుహాము న్యాయాధిపతియైన మాథ్యూ డావెన్‌పోర్టు హిల్, 1841 ప్రాంతముననే బాలనేరస్థులను తలిదండ్రులకో యజమానులకో అప్పగించి, వారి నడత నొక పుస్తకమున వ్రాయించుచుండెను. 1876లో ఫ్రెడరిక్ రెయినర్ అను ముద్రాపకుడు, ఒకసారి చెఱకు పోయినవాడు మరల మరల పోవుచుండుట చూచి మనసు కలగి, చర్చికి సంబంధించిన మద్యపాన నివారణ సంఘమునకు అయిదు షిల్లింగులు పంపి, న్యాయస్థానములయందే ఏదైన నొక సాయము జరుగవలెనని వ్రాసెను. ఆ యయిదు షిల్లింగులనుండి పోలీసు న్యాయస్థానములలో తిరుగాడు సేవకుల సంప్రదాయము పుట్టినది. 1887లో పార్లమెంటు చేసిన చట్టము తొలి నేరస్థులను విడుదల చేయవచ్చుననెనే కాని, విడుదలయైనవానికి తోడెవరో చెప్పలేదు. 1907లోని చట్టము ఆ లోటు తీర్చినది. అందు ప్రొబేషను అధికారి విధులను చెప్పుచు మూడు క్రియలు వాడిరి: సలహా చెప్పుట, సాయపడుట, చెలిమి చేయుట. చట్టములలో దండించుట, జప్తుచేయుట, పట్టుకొనుట మొదలగు క్రియలు కొల్లలుగా నుండును. చెలిమి చేయుమని ఉద్యోగిని శాసించిన చట్టము లరుదు. బూట్లు కుట్టువాడును, అచ్చుపనివాడును తమ చేతులతో చేసి చూపినదానినే న్యాయవేత్తలు తరువాత శాసనముగా వ్రాసికొనిరి.

మన దేశమునకు వత్తము. 1898వ సంవత్సరపు క్రిమినలు ప్రొసీజరు కోడు 562వ సెక్షనున, తొలి నేరము చేసినవానిని సత్ప్రవర్తనకు ముచ్చిలిక వ్రాయించుకొని విడుదల చేయుటకు వీలుండెను. కాని ఇదియు 1887 నాటి ఇంగ్లీషు చట్టము వంటిదే. కాగితముపై సంతకమైనదేగాని కనిపెట్టుకొని యుండువాడు లేడు. 1919–20లో సర్ అలెగ్జాండరు కార్డ్యూ అధ్యక్షతను కూర్చున్న భారత కారాగార సంఘము దిద్దుబాటే చెఱసాలల ధ్యేయము కావలెనని చెప్పినది. తరువాత రాష్ట్రములు తమతమ చట్టములు చేయసాగినవి. కోస్తా జిల్లాలును రాయలసీమయు చేరియున్న చెన్నరాజధానిలో 1936వ సంవత్సరపు నేరస్థుల ప్రొబేషను చట్టము 1937లోని మూడవ శాసనముగా వెలువడినది. అట్లు బోస్టనునందలి చెలిమి మన న్యాయస్థానముల గడప త్రొక్కినది.

ఇచ్చట రెండవ కథ చెప్పక తప్పదు. ఇంగ్లండున చెలిమిని శాసించిన నాలుగేండ్లకే, 1911లో, అదే ప్రభుత్వము మన దేశమున మఱియొక శాసనము చేసెను. 1871లో ఉత్తరదేశమున కొఱకు పుట్టిన నేరస్థ జాతుల చట్టము ఈ యేట మార్పునొంది చెన్నరాజధానికిని వర్తించినది. ఒక కులమును ప్రభుత్వము ప్రకటించినచో, అందు పుట్టినవారందఱును నేరస్వభావులుగా నెంచబడుదురు. వారి పేర్లును వ్రేలిముద్రలును పుస్తకమున నెక్కును. నిర్ణయించిన వేళకు హాజరు చెప్పవలెను. సెలవుచీటి లేక ఊరు దాటరాదు.

ఎఱుకలవారిలో ననేకులు ఈ చట్టమునకు లోబడిరి. వీరు పూర్వము గాడిదలపైని, ఎద్దులపైని ఉప్పును ధాన్యమును మోసి, కోస్తానుండి లోనాడులకు తిరుగుచు వర్తకము చేసినవారు. ఉప్పుపై ప్రభుత్వపు బిగింపును, రైలుమార్గములును వచ్చి ఆ వర్తకమును చంపినవి. కఱవులు మిగిలినదానిని తినివేసినవి. తిరుగుటయే జీవనమైన వారికి తిరుగుటయే నేరమైనది. 1913 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవ సేవాసంఘము చేతిక్రింద బాపట్ల చేరువను వీరికై యొక గ్రామము వెలసినది. చెన్నప్రభుత్వపు కార్యనిర్వాహక సభ్యుడు సర్ హెరాల్డు స్టూవర్టు పేర దానికి స్టూవర్టుపురమని నామకరణమైనది.

న్యాయముగా చెప్పవలెనన్న, అచ్చట బడి యుండెను, భూమి యుండెను, చీరాల పొగాకు కంపెనీలో కూలి యుండెను. నడిపినవారిలో దయగలవారు లేకపోలేదు. లోటెక్కడ? ఆ దయకు హాజరుపట్టీ ముందు నడచెను. అచ్చటి మానిసి తాను చేసిన నేరమునకుగాక తాను పుట్టిన పుట్టుకకు పూచీ చెప్పుకొనవలసి వచ్చెను. బోస్టను బాలురకు అయిదాఱు నెలలలో పరీక్ష ముగిసినది. స్టూవర్టుపురమున పుట్టిన బిడ్డకు గడువే లేదు. ఊరి పేరు చెప్పినంతనే బయటివారు తలుపులు వేసికొనిరి. తలుపులు మూసిన చోట పని దొరకదు. పని దొరకని చోట నేరము దొరకును. తుదకు చట్టము చెప్పిన యబద్ధమునకు చట్టమే సాక్ష్యములు కల్పించుకొనెను.

ఈ యన్యాయమును తొలగించుటకు పాటుపడిన తెలుగువారిలో, యానాదుల సేవకై జీవితమును వినియోగించిన వెన్నెలకంటి రాఘవయ్యగారు స్మరణీయులు. చెన్నరాష్ట్రమున ఈ చట్టము 1947లో రద్దయ్యెను. 1949లో భారతప్రభుత్వము మాడభూషి అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతను విచారణ సంఘమును వేసెను. 1952 ఆగస్టు 31వ తేదీతో దేశమంతటను ఆ చట్టమునకు మంగళము పాడిరి. కాని అలవాటుపడిన నేరస్థుల చట్టములు చాలరాష్ట్రములలో దాని స్థానమున కూర్చున్నవి. చెన్నరాష్ట్రమున నది 1948లోనే వచ్చినది. కాగితమున కొట్టివేసిన మాట కనుచూపులో నిలిచియుండుట మన మెఱిగినదే.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కను పెట్టి చూచినచో మాకు తోచునది యిది. హాజరుపట్టీ పట్టుకొన్నవాడు, నిన్నటి రాత్రి యెక్కడ నుంటివని యడుగును. నేస్తముగా వచ్చినవాడు, నిన్నటి రాత్రి అన్నము తింటివా యని యడుగును. మొదటి ప్రశ్నకు అబద్ధము చెప్పుట సులభము. రెండవ ప్రశ్నకు నిజము చెప్పనివా రరుదు. మానిసి యెక్కడ తప్పటడుగు వేయబోవుచున్నాడో తెలియుటకు నిజముకంటె మంచి కాపలా లేదు. కావున చెలిమి మెత్తదనమనియు హాజరు గట్టితనమనియు తలంచుట పొరపాటు. చెలిమియే గట్టి కాపలా.

మన దేశమంతటికిని నేటి ఆధారము 1958వ సంవత్సరపు నేరస్థుల ప్రొబేషను చట్టము. దీనిప్రకారము చిన్న నేరములయందు మందలించి విడువవచ్చును. మరణదండనగాని యావజ్జీవశిక్షగాని పడదగని నేరములయందు మూడేండ్లకు మించని ముచ్చిలిక వ్రాయించుకొని, అధికారి పర్యవేక్షణ క్రింద నుంచవచ్చును. ఇరువదియొక్క యేండ్లు నిండని వారిని, యావజ్జీవశిక్ష పడదగని నేరములందు చెఱకు పంపదలచిన న్యాయాధిపతి, ముందుగా అధికారి నివేదికను తెప్పించుకొని యాలోచించి, తన నిర్ణయమునకు కారణములు వ్రాయవలెను. మొక్కై వంగనిది మానై వంగునాయని మనవారు బిడ్డలను కొట్టుటకే సామెత చెప్పుదురుగాని, మొక్కగా నున్నప్పుడు దగ్గఱ నిలిచి కట్టె పాతి కట్టవలెననుట అందలి యర్థము.

1964లో అత్యున్నత న్యాయస్థానమునకు ఒక పదునాఱేండ్ల బాలుని యప్పీలు వచ్చినది. పరుల యింట జొరబడి చిన్నపిల్ల మానమునకు భంగము కలిగింప యత్నించెనని అతనికి శిక్ష పడినది. శిక్ష పడిన కొలది నెలలకుగాని ఈ చట్ట మా జిల్లాలో నమలునకు రాలేదు. అయినను అప్పీలు విను న్యాయస్థానము దాని మేలును బాలునకు కలిగింపవచ్చునని అధికసంఖ్యాకులు తీర్పు చెప్పిరి. ఆ తీర్పు వ్రాసినవారు తరువాత భారత ప్రధాన న్యాయమూర్తియైన మన కోకా సుబ్బారావుగారు. నేరము చిన్నదని వారు చెప్పలేదు. పదునాఱేండ్లవానిని ముదురు నేరస్థుల నడుమ పాఱవేయుటవలన ఆ పసిదాని కొక్క మేలును కలుగదని మా యభిప్రాయము.

ఈ చట్టము క్రింద పనిచేయు అధికారి దినచర్య యెట్టిది? నేరస్థుని యిల్లు చూడవలెను, తల్లితో మాటలాడవలెను, బడిపంతులును, పనియిచ్చినవానిని, ఇరుగుపొరుగులను విచారింపవలెను. పగబట్టిన పొరుగువాని మాటకును, మొగమాటపడిన బంధువు మాటకును నడుమ నిజమేదో తేల్చవలెను. ఆ నివేదిక రహస్యముగా నుండవలెను. విడుదలయైన పిదప కలిసికొనుచుండవలెను, పని వెదకిపెట్టవలెను, బాధితునకు నష్టపరిహారము కట్టుమని న్యాయస్థానము చెప్పినచో, అది కట్టునట్లు చూడవలెను. షరతు తప్పినచో న్యాయస్థానమునకు తెలుపవలెను. ఒక చేత చెలిమియు నొక చేత అధికారమును పట్టుకొని నడచు నీ యుద్యోగము కత్తిమీది సాము. అధికార మొక్కటే మిగిలినచో అతడు మరల హాజరుపట్టీ రాయుడగును. చెలిమి యొక్కటే మిగిలినచో న్యాయస్థానము నమ్మకము పోగొట్టుకొనును. 2024 జూలై 1 నుండి యమలైన భారతీయ న్యాయసంహిత, సమాజసేవను కూడ కొన్ని నేరములకు శిక్షగా చేర్చినది గనుక, చెఱ వెలుపలనే శిక్ష ననుభవించువారి సంఖ్య యికమీదట పెరుగవచ్చును. కనిపెట్టుకొని యుండువారి యవసరమును అంతే పెరుగును.

కుక్కతోక వంకర పోవునా యని కొంద ఱడుగుదురు. అందఱును బాగుపడుదురని మేము చెప్పము. ఆగస్టసు పూచీ నిలిచినవారిలోను మాట తప్పినవారు లేకపోలేదు. కాని చెఱసాలకు పోయినవారందఱును బాగుపడి వచ్చుచున్నారని ఎవరు చెప్పగలరు? దొంగిలింపబడినవాని మాట యేమని మఱికొంద ఱడుగుదురు. అది న్యాయమైన ప్రశ్న. దొంగ చెఱలో కూర్చున్నచో పోయిన సొమ్ము రాదు. పనిచేసి కొంచెము కొంచెముగా తీర్చుటకు వెలుపలనున్నవానికే సాధ్యము.

1970వ దశకమున స్టూవర్టుపురమునకు మఱియొక విధమైనవారు పోయిరి. కవి గుఱ్ఱం జాషువాగారి కుమార్తె హేమలతా లవణంగారును, ఆమె భర్త లవణంగారును అచ్చటి కుటుంబములతో కలిసిమెలిసి సంస్కరణోద్యమము నడపిరి. ఒకప్పుడు పుట్టుకను చూచి పేర్లు వ్రాసికొన్న గ్రామమున, వీరు మనుష్యులను పేరు పెట్టి పిలిచిరి.

చదువరులకు మా మనవి యొక్కటి. ఈ పని ప్రభుత్వోద్యోగి యొక్కనివలన కాదు. అతడు పని వెదకిపెట్టవలెనని చట్ట మనును. ఆ పని యెక్కడ నున్నది? మన దుకాణమున, మన తోటలో, మన కార్యాలయమున, మన యింట. ఒక దినమున అధికారి మన గడప యెక్కి, పొరుగింటి పిల్లవానిని గూర్చి విచారించును. విన్నది చెప్పక కన్నది చెప్పుదమా? మఱియొక దినమున, ఫలానివానికి పని యిచ్చెదరా, ఒకసారి తప్పు చేసినవాడు అని యడుగును. అప్పుడు ఇల్లాలును ఇంటియజమానియు ఒకరి మొగ మొకరు చూచుకొందురు. ఆ యొక్క నిముసమున తేలు సంగతి యేమనగా, మన దేశమున నున్నది ప్రొబేషనా, లేక గోడలు లేని చెఱసాలయా యనునది. బోస్టనునందలి బూట్ల దుకాణదారు ఆ నిముసమున తలుపు తీసెను. మన మేమి చేయుదము?